బందరులో ఎన్నో నంబరు?

తుఫాను రోజుల్లో పేపరు తెరిస్తే ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది... ‘మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని. చదివేసి పేజీ తిప్పేస్తాం. కానీ ఆ ఒక్క నంబరు వెనక నాలుగు వందల ఏళ్ళ కథ ఉంది. ఓడలు వచ్చిన కథ, వెళ్ళిపోయిన కథ, వెళ్ళే దారిలేక ఊరు నిలబడిపోయిన కథ!

మా జల్‌పల్లికి సముద్రం దాదాపు 340 కిలోమీటర్ల దూరం. ఇక్కడ నీళ్ళంటే చెరువే. చుట్టూ బండరాళ్ళు, ఒకవైపు పహాడీషరీఫ్ గుట్ట, నెత్తిమీద శంషాబాద్‌లో దిగబోయే విమానాలు. గాలి కాస్త గట్టిగా వీస్తే మేడమీద ఆరేసిన బట్టలు తీసుకోవడం తప్ప మాకు వేరే కంగారు ఉండదు.

మా పక్కింటి పెద్దమ్మకు మాత్రం ఉంటుంది. అక్టోబరు వచ్చి ఆకాశం మసకబారిందంటే చాలు, పొద్దున్నే పిట్టగోడ మీంచి పిలుస్తుంది. ‘‘అమ్మాయ్, మీ పేపర్లో చూడవే... బందరులో ఎన్నో నంబరు ఎగరేశారు?’’

పత్రికలో పనిచేస్తున్నాను కాబట్టి ప్రపంచంలో జరిగేవన్నీ నాకు అందరికంటే ముందే తెలుస్తాయని ఆవిడ నమ్మకం. కొత్తలో నవ్వుకునేదాన్ని. హైదరాబాదులో కూర్చుని బందరు రేవు సంగతి ఎందుకు ఈవిడకి? తర్వాత తెలిసింది, ఆవిడ పుట్టిందీ మెట్టిందీ దివిసీమలోనని. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆవిడకు ఇరవై రెండేళ్ళు. ఆ రోజు గురించి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ‘‘తాటిచెట్టు కాపాడిందే నన్ను’’ అంటుంది. ఎవరిని కాపాడలేకపోయిందో చెప్పదు. నేనూ అడగలేదు.

మొన్న కార్తీకంలో బందరు బయల్దేరుతూ ‘‘ఏం తెమ్మంటావు పెద్దమ్మా?’’ అన్నాను.

‘‘తొక్కుడు లడ్డు తే’’ అంది. కాస్త ఆగి, ‘‘రేవు దగ్గర ఆ నంబరు ఎగరేసే కర్ర ఇంకా ఉందో లేదో కూడా చూసిరా’’ అంది.

ఆ రెండు పనులమీదే నా ప్రయాణం.

హయత్‌నగర్ నుంచే మొదలు

బందరు దారి మన ఊళ్ళోనే మొదలవుతుంది. జల్‌పల్లి నుంచి ఎల్బీనగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కితే మొదట తగిలేది హయత్‌నగర్. రోజూ బస్సుల్లో ఆ పేరు చూస్తూనే ఉంటాం. అది హయాత్ బక్షీ బేగం పేరు. ఆవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, తర్వాతి సుల్తానుకు భార్య, ఆ తర్వాతి అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. హైవేకు కొద్ది దూరంలో ఆమె కట్టించిన మసీదు ఇప్పటికీ ఉంది. దాని ప్రాంగణం చుట్టూ కమానుల వరసలో చిన్న చిన్న గదులు, పక్కనే హాథీ బావి. మసీదుకు ఇన్ని గదులెందుకు? బాటసారుల కోసం. గోల్కొండ నుంచి రేవుకు సరుకు మోసే బిడారులు, రేవులో దిగి రాజధానికి వచ్చే వర్తకులు ఈ దారినే నడిచారు.

ఇప్పుడు దాన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం. పుణెలో మొదలై షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా వచ్చి ఎక్కడ ఆగుతుందో తెలుసా? మచిలీపట్నంలో! రోడ్డు మారింది, బండ్లు మారాయి, చేరే చోటు మాత్రం మారలేదు.

‘బందర్’ అంటే పారశీకంలో రేవు అనే అర్థం. అంటే బందరు అన్నది ఊరి పేరు కాదు, ఊరు చేసే పని. 1591లో హైదరాబాదు కట్టేనాటికే గోల్కొండ రాజ్యానికి సముద్రపు తలుపు అది. వజ్రాలు, అద్దకపు బట్టలు, నీలిమందు, తెలంగాణ ఉక్కు ఆ తలుపులోంచే బయటికి వెళ్ళాయి. పారశీక గుర్రాలు, పెగూ కెంపులు, సుగంధ ద్రవ్యాలు, చైనా పింగాణీ ఆ తలుపులోంచే లోపలికి వచ్చాయి. పాతబస్తీ బజార్లలో ఆనాడు మెరిసినవాటిలో ఎన్ని వస్తువులు బందరు ఇసుకమీద దిగి వచ్చినవో ఊహించుకోవచ్చు.

గాలి రాసిన టైంటేబుల్

డచ్చివాళ్ళు 1606 నాటికే ఇక్కడ కొఠీ పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు వచ్చారు. విచిత్రమేమిటంటే, ఆ ఓడలో వ్యాపారం చూసుకున్న పీటర్ ఫ్లోరిస్ పుట్టుకతో డచ్చివాడు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్ళకు వ్యాపారపు ఫర్మానా ఇచ్చాడు. చరిత్రలో దాన్నే ‘బంగారు ఫర్మానా’ అంటారు. మద్రాసులో వాళ్ళకు జాగా దొరికింది 1639లో. అంటే మద్రాసు పట్నం పుట్టకముందే బందరులో వాళ్ళ లెక్కల పుస్తకాలు తెరుచుకున్నాయన్నమాట. 1669లో ఫ్రెంచివాళ్ళూ వచ్చి చేరారు.

ఇంతమంది వర్తకులు, ఇన్ని ఓడలు... మరి ఎవరు ఎప్పుడు రావాలో, ఎప్పుడు వెళ్ళాలో ఎవరు చెప్పేవారు? గాలి చెప్పేది!

ఇంజను లేని కాలం అది. తెరచాపలోకి గాలి నిండితేనే ఓడ కదులుతుంది. వేసవి చివర నైరుతి గాలి మొదలైతే ఎర్రసముద్రం వైపు నుంచి, పారశీక సింధుశాఖ వైపు నుంచి ఓడలు మన తీరానికి వచ్చేవి. ఆ గాలి తగ్గుముఖం పట్టే సెప్టెంబరులో పెగూకు, అరకానుకు, సుమత్రాలోని అచేకు వెళ్ళే ఓడలు లంగరు ఎత్తేవి. చలికాలం ఈశాన్యపు గాలి స్థిరపడ్డాక పశ్చిమానికి ప్రయాణం. సరుకుతోపాటు మక్కా యాత్రికులూ ఎక్కేవారు. ఒక గాలి తప్పిపోతే మళ్ళీ ఆ గాలి వచ్చేదాకా నెలలకు నెలలు ఆగాల్సిందే. బస్సు తప్పిపోతే మనం అరగంట విసుక్కుంటాం. వాళ్ళకు ఓడ తప్పితే దాదాపు ఒక ఏడాది తప్పినట్టే!

ఈ రెండు గాలుల నడుమ ఒక ప్రమాదకరమైన సందు ఉంది. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా. నైరుతి వెళ్ళిపోయి, ఈశాన్యం ఇంకా కుదురుకోని ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో తుఫాన్లు పుడతాయి. అందుకే మద్రాసు కోటలో ఇంగ్లీషువాళ్ళు ఏటా అక్టోబరు 15న జెండా స్తంభం దించేసేవారు. మళ్ళీ నిలబెట్టేది డిసెంబరు 15నే. ‘ఈ రెండు నెలలూ ఇక్కడ లంగరు వేయొద్దు’ అని ఓడలకు చెప్పడం అది.

మా పెద్దమ్మ కంగారు మొదలయ్యేదీ సరిగ్గా ఆ తేదీలకే. ఆవిడకు మద్రాసు జెండా సంగతి తెలియదు. గాలి సంగతి తెలుసు.

లోతులేని రేవు

బందరు ఊళ్ళోంచి మంగినపూడి బీచ్ పదకొండు కిలోమీటర్లు. విశాఖ సముద్రాన్ని ఊహించుకుని వెళితే ఆశ్చర్యపోతాం. కాళ్ళకింద మెత్తటి నల్లమట్టి. చాలా దూరం లోపలికి నడిచినా నీళ్ళు లోతుండవు. కార్తీకమాసం కాబట్టి సముద్రస్నానాలకు వచ్చిన జనం, దీపాల అరటిదొప్పలు, పిల్లల కేరింతలు. పిల్లలతో వచ్చేవాళ్ళకు ఈ లోతులేనితనం ఎంత హాయి!

ఓడలకు మాత్రం అది తలనొప్పి. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన తీరం ఇది. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. మైళ్ళ దూరంలో, నడి సముద్రంలోనే లంగరు వేసేది. ఒడ్డు నుంచి చిన్న పడవలు వెళ్ళి సరుకు దించుకుని, సరుకు ఎక్కించి రావాలి. కోరమండల్ తీరమంతా వాడిన ఆ పడవలను ‘మసులా’ పడవలు అనేవారు. వాటికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేసేవారు. అల వచ్చి కొడితే మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి, సర్దుకుని, ఒడ్డెక్కుతుంది. వజ్రాల మూటైనా, దొరగారైనా ఆ కుట్ల పడవలో తడుస్తూ రావలసిందే.

అదే నేలమీద నిలబడి ఆలోచిస్తే ఒక సంగతి తడుతుంది. తుఫాను వస్తోందని తెలిస్తే ఓడ ఏం చేస్తుంది? లంగరు ఎత్తి లోతు నీళ్ళలోకి పోతుంది. ఓడకు తీరం దగ్గరే ప్రమాదం, నడిసముద్రమే నయం. మరి ఊరు? ఊరికి లంగరు ఎత్తడం తెలియదు.

పైగా ఇక్కడి లోతులేనితనమే ఉప్పెనకు బలం. లోతైన సముద్రంలో తుఫాను తోసిన నీరు కిందికి, పక్కలకు సర్దుకుంటుంది. లోతు తక్కువైన చోట ఆ నీటికి పోయే చోటు ఉండదు. పైకి లేచి, నేలమీదికి వస్తుంది. ఓడలను మైళ్ళ దూరంలో ఆపేసిన మట్టే, సముద్రాన్ని ఊళ్ళోకి పంపేది కూడా!

ఆ నవంబరు రాత్రి

బందరు కోటను వెతుక్కుంటూ వెళ్ళాను. కోట అంటే గోల్కొండలా గుట్ట, బురుజులు ఊహించుకోవద్దు. తుప్పలమధ్య ఇటుక గోడలు, కప్పులేని గదులు, పాత ఆయుధాగారం మిగిలాయి. ఈ కాస్త చోటు కోసం ఎన్ని చేతులు మారాయో! 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక రాజధాని అండ పోయింది, రేవు కళ తగ్గింది. 1750లో ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ దాడిచేసి దాన్ని ఇంగ్లీషువాళ్ళ పరం చేశాడు.

అప్పటినుంచి హైదరాబాదుకు సముద్రం పరాయిదైపోయింది. 1802లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషువాళ్ళతో ఒక వర్తక ఒప్పందం చేసుకున్నాడు. బందరు రేవును హైదరాబాదు స్వేచ్ఛగా వాడుకోవచ్చన్నది అందులో ఒక షరతు. ఒకప్పుడు తన రాజ్యానికి తలుపుగా ఉన్న రేవును వాడుకోవడానికి కాగితం రాయించుకోవాల్సి వచ్చిందన్నమాట.

కోటకు అసలు దెబ్బ తగిలింది ఏ సైన్యం వల్లా కాదు. 1864 నవంబరు 1 రాత్రి. తుఫాను తోసుకొచ్చిన సముద్రం కోటను, పేటలను, చుట్టుపక్కల పల్లెలను ముంచేసింది. దాదాపు 30,000 మంది చనిపోయారని నాటి లెక్క. తెల్లారేసరికి ఊరు ఊరులా లేదు.

అంతకు నెల తిరగకముందే, అక్టోబరు 5న, కలకత్తాను ఇలాంటి తుఫానే ముంచెత్తింది. నాలుగు వారాల్లో రెండు రేవులు! సముద్రంలో పుట్టిన తుఫాను ఒడ్డుకు చేరేలోపు ఎవరో ఒకరు ముందుగా చెప్పగలిగితే బాగుండునన్న ఆలోచన అప్పుడు గట్టిపడింది. 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో దేశం మొత్తానికీ వాతావరణ శాఖ ఏర్పడింది. రోజూ రాత్రి వార్తల చివర మనం వినే ‘రాగల ఇరవై నాలుగు గంటల్లో...’ వెనక ఉన్నది ఆ శాఖే.

ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 17వ శతాబ్దం నాటి నల్లరాతి పలకలు, వాటిమీద వంశ చిహ్నాలు, పొందికగా చెక్కిన డచ్చి అక్షరాలు. ఇంటికి వెళ్ళే గాలికోసం ఎదురుచూసి, అది రాకముందే వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళకు రాళ్ళయినా ఉన్నాయి. 1864లో పోయిన పల్లెజనంలో ఎంతమందికి పేరు చెప్పే రాయి ఉంటుంది?

పదకొండు నంబర్ల భాష

గిలకలదిండి చేపల రేవుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రంగురంగుల పడవలు, ఆరేసిన వలలు, ఐసు పెట్టెలు. పెద్దమ్మ అప్పగించిన రెండో పని ఇక్కడే. నంబరు ఎగరేసే కర్ర.

అసలు ఈ నంబర్ల సంగతి ముందు చెప్పుకోవాలి. ఇవి మనకోసం పెట్టినవి కావు, ఓడలకోసం. పగలైతే స్తంభానికి నల్లటి శంకువులు, గొట్టాల ఆకారాలు కడతారు. రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. దూరంలో ఉన్న ఓడ కెప్టెన్ బైనాక్యులర్స్‌లో చూసి సంగతి గ్రహించాలన్నది ఉద్దేశం.

ఒకటి, రెండు నంబర్లు ‘ప్రమాదం దూరాన ఉంది’ అనడానికి. మూడు, నాలుగు ‘ఈ రేవుకే గాలివాన ముప్పు ఉంది’ అనడానికి. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది నుంచి పది దాకా మహాప్రమాదం. ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. ఎనిమిది కంటే తొమ్మిది, తొమ్మిది కంటే పది పెద్ద తుఫాను అనుకుంటాం. కాదు! తుఫాను సాగే దారికి రేవు ఎడమవైపున పడితే ఎనిమిది, కుడివైపున పడితే తొమ్మిది. రేవు మీదుగానో, బాగా దగ్గరగానో వెళుతుందనుకుంటే పది. అయిదు, ఆరు, ఏడు నంబర్ల లెక్కా ఇంతే. అంటే ఆ నంబరు తుఫాను బలాన్నే కాదు, అది ఎటు వస్తోందో కూడా చెబుతుంది.

పది తర్వాత ఇంకో నంబరు ఉంది. పదకొండు. అది తుఫాను గురించి కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, కబురు చెప్పేవాళ్ళు లేరు, ఇక్కడి అధికారికి మాత్రం ముప్పు కనిపిస్తోంది... అని అర్థం.

వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగాను, ఇంకా ఈ కర్ర వంక ఎవరైనా చూస్తారా అని. ఆయన నవ్వాడు. ‘‘ఇప్పుడన్నీ ఫోన్లోనే వస్తన్నాయి కదమ్మా. వేటకు పోవద్దని మెసేజీ కొడతారు, మైకులో చెబుతారు. అయినా మా నాన్న ఉన్నాడే... ఫోను చూసినా నమ్మడు. లేచెళ్ళి కర్ర వంక చూసొచ్చాకే పడవ కట్టేయమంటాడు.’’

రేవు కార్యాలయం దగ్గర ఆ స్తంభం ఉంది. ఉందని మాత్రం కళ్ళారా చూశాను. ఆ రోజు దానికి ఏమీ కట్టిలేదు. వెనక నీలంగా, ఏమీ ఎరగనట్టు ఆకాశం.

రెండు తుఫాన్లు, రెండు లెక్కలు

నంబరు ఎగరేస్తే సరిపోతుందా? ఈ తీరమే జవాబు చెబుతుంది. 1977లో హెచ్చరిక లేక కాదు, అది పల్లెదాకా చేరక, చేరినా పోవడానికి చోటులేక జనం చనిపోయారు. పదివేలమందికి పైగా. ‘‘రేడియోలో చెప్పారుట. మా ఊళ్ళో రేడియో ఉన్నది ఒక్క ఇంట్లో’’ అని పెద్దమ్మ ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. కర్రమీద ఏ నంబరు కట్టారో గానీ, ఆ పల్లెకు మాత్రం అది పదకొండో నంబరే. కబురు తెగిపోయింది.

1990 మే 9న మళ్ళీ అదే తీరాన్ని అంతే భీకరమైన తుఫాను తాకింది. ఈసారి లక్షలమందిని ముందుగానే తరలించారు. తుఫాను షెల్టర్లు ఆదుకున్నాయి. అయినా 967 మంది చనిపోయారు. అదీ చిన్న లెక్కేం కాదు. కానీ పదమూడేళ్ళ కిందటి లెక్క పక్కన పెట్టి చూడండి. ఆ తేడా అంతా బతికిన మనుషులే. ఇప్పుడు బందరులో డాప్లర్ రాడార్ ఉంది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మేఘాన్ని అది కనిపెడుతుంది. ఓడలకు మాత్రమే ఉన్న సౌకర్యం, అంటే ముందుగా తెలుసుకుని తప్పుకోవడం, ఊరికి కూడా దొరకడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఓడలైతే మెల్లగా వెళ్ళిపోయాయి. లోతైన హార్బరుతో 1933లో విశాఖ తెరుచుకుంది. బందరు చేపల పడవలకు, లడ్డుకు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు, పక్కనే పెడనలో అచ్చులతో అద్దే కలంకారీకి మిగిలింది. ఒకప్పుడు పారశీకులు మోజుపడ్డ అద్దకం అది. ‘మాకు మళ్ళీ ఓడలు రావాలి’ అన్నది మాత్రం ఊరి మనసులోంచి పోలేదు. కొత్త పోర్టు కోసం 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి కొబ్బరికాయ కొట్టారు. మూడోసారి పనులు జోరందుకున్నాయి. సముద్రంలోకి రాళ్ళ గోడలు కట్టి, అడుగున మట్టి తవ్వి ఓడలకు దారి చేయడమే అందులో పెద్ద పని. నాలుగు వందల ఏళ్ళుగా ఓడలను దూరంగా నిలబెట్టిన అదే మట్టి!

జల్‌పల్లికి తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది. పెద్దమ్మ పిట్టగోడ దగ్గరే నిలబడి ఉంది. లడ్డు పొట్లం అందుకుని, వాసన చూసి, విప్పకుండానే పక్కన పెట్టింది.

‘‘కర్ర ఉందా?’’

‘‘ఉంది పెద్దమ్మా.’’

‘‘ఎన్నో నంబరు?’’

‘‘ఏ నంబరూ లేదు. ఖాళీగా ఉంది.’’

ఆవిడ ఒక్క క్షణం తూర్పు వైపు చూసింది. అటు చూస్తే కనిపించేవి మా ఎదురింటి నీళ్ళ ట్యాంకులే.

‘‘అయితే పడవలు వెళ్ళుంటాయిలే’’ అంటూ పొట్లం విప్పి, మొదటి లడ్డు తుంచి నా చేతిలో పెట్టింది.